బెంగళూరు నుంచి క్యారవాన్ లాక్కెళ్లడం: లాగే బండి, బరువు, బస చేసే చోటు

మారతహళ్లి_కొత్తబండి
అందరికీ నమస్కారం. ఇంట్లో నలుగురం. లాగే బండి డీజిల్ ఎస్‌యూవీ, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, ఖాళీ బరువు సుమారు 2,000 కిలోలు. క్యారవాన్ ఒకే ఇరుసుది. ప్లేటు మీద ఖాళీ బరువు 850, గరిష్ఠ బరువు 1,200 కిలోలు అని ఉంది. ఓవర్‌రన్ బ్రేకులున్నాయి. డిసెంబరులో లేపాక్షి, గండికోట, తర్వాత ఊటీ వెళ్లాలని ప్లాన్. కారుకి ముందుగా ఏం చేయించాలి, క్యారవాన్‌లో ఏం చూడాలి, చోటు ఎలా ఎంచుకోవాలి? కాగితాల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

కాటా_చీటీ
కాగితాల సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు, బీమా ఉండాలి. కారుకి హిచ్ (క్యారవాన్ తగిలించే కొక్కెం) బిగించే ముందు ఆర్టీఓ దగ్గరా బీమా కంపెనీ దగ్గరా రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి, ఫోన్లో చెప్పిన మాట క్లెయిము రోజున పనికిరాదు. వ్యానునే ఇల్లుగా మార్చుకోవాలనుకునేవాళ్లది వేరే దారి. మోటారు క్యారవాన్లకి ఏఐఎస్-124 ప్రమాణం ఉంది, ఇష్టమొచ్చినట్టు కోసి అతికిస్తే 52వ సెక్షన్ అడ్డొస్తుంది.

ఇక అసలు విషయం బరువు. ఏ టైరు, ఏ స్ప్రింగు, ఏ ఘాటు, ఏ నేల అన్న ప్రతి ప్రశ్నకీ జవాబు అక్కడే మొదలవుతుంది.

మీ బండికి 1,200 కిలోలంటే కారు ఖాళీ బరువులో 60 శాతం. బ్రిటన్‌లో కొత్తవాళ్లకి 85 శాతం దాటొద్దని చెబుతారు. మన ఘాట్లకీ, గుర్తు కూడా వేయని మన స్పీడ్ బ్రేకర్లకీ 60 శాతమే సరైన హద్దని నా అభిప్రాయం. అయితే కారు మాన్యువల్లో ట్రెయిలర్ బరువు ఎంత రాశారో చూడండి. అది తక్కువుంటే అదే చివరి మాట.

ఇప్పుడు 850 నుంచి 1,200 దాకా మిగిలిన 350 కిలోలు ఎలా కరిగిపోతాయో చూడండి. ఫ్యాక్టరీ చెప్పే ఖాళీ బరువులో ఏసీ, సోలారు చాలాసార్లు కలిసి ఉండవు. రూఫ్ ఏసీ 35, రెండు సోలారు పలకలు ఫ్రేములతో 30, 200 ఏహెచ్ (యాంపియర్ అవర్లు) లిథియం బ్యాటరీ 25, నీళ్లు 80 లీటర్లు అంటే 80, గ్యాసు సిలిండరు దాని పెట్టెతో 15, టాయిలెట్ 20, నలుగురి బట్టలు, పరుపులు, గిన్నెలు 80, పందిరి గుడ్డ, కుర్చీలు, బల్ల 40, స్టెప్నీ, జాకీ, పానాలు 35. మొత్తం 360. ఇంకా బియ్యం, కూరగాయలు ఎక్కలేదు, అప్పుడే పది కిలోలు దాటింది. అందుకే ప్రయాణంలో నీళ్ల ట్యాంకులో 20 లీటర్లే ఉంచండి, బస చేసే ఊళ్లో నింపుకోండి.

కాగితం మీది లెక్క నమ్మొద్దు, కాటా వేయించండి. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు పొడవునా లారీ కాటాలున్నాయి. మూడు తూకాలు వేయించాలి: జోడు మొత్తం, కారు ఒక్కటే, విడదీసిన క్యారవాన్ ఒక్కటే. లారీ కాటా 5 లేదా 10 కిలోల మెట్లలోనే చూపిస్తుంది కాబట్టి కప్లర్ (క్యారవాన్ ముక్కున కారుకి తగిలే భాగం) మీద దిగే బరువుకి అది పనికిరాదు.

ఆ ముక్కు బరువుని ఇంట్లోనే చూడొచ్చు. చదునైన నేల మీద క్యారవాన్ చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, మనుషుల బరువు చూసే 150 కిలోల మిషను కప్లర్ కింద ఉంచండి. మిషనుకీ కప్లర్‌కీ మధ్య సరిగ్గా టో బాల్ (కారు వెనక కప్లర్ కూర్చునే ఇనుప గుండు) ఎత్తుకి తగ్గ చెక్కముక్క నిలబెట్టి జాకీ చక్రం (ముక్కు కింది చిన్న చక్రం) పైకెత్తండి. లోడు మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం రావాలి. మీకైతే 60 నుంచి 84 కిలోలు.

పీన్యా_గ్రీజు
కాటా అన్న చెప్పిన ముక్కు బరువుకి ఒక మాట కలుపుతా. 80 కిలోలు బాల్ మీద పెడితే వెనక ఇరుసు మీద 80 మాత్రమే పడదు. బాల్ వెనక ఇరుసుకి 1.1 మీటర్లు వెనకుండి, వీల్‌బేస్ 2.75 మీటర్లు అయితే వెనక ఇరుసు మీద 112 కిలోలు పడుతుంది, ముందు ఇరుసు నుంచి 32 కిలోలు లేచిపోతుంది. స్టీరింగు తేలికవడం, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టడం దీనివల్లే. డిక్కీలో సామాను నింపి, పైన ఈ 112 కూడా వేస్తే వెనక ఇరుసు హద్దు దాటుతుంది. బరువైనవి కారు మధ్య సీటు దగ్గర పెట్టండి, వెనక టైర్లలో గాలి కారు స్టిక్కరు మీద పూర్తి లోడుకి రాసిన అంకె దాకా కొట్టించండి.

అలాగని ముక్కు తేలిక చేయడానికి క్యారవాన్ తోకలో సామాను వేలాడదీయడం అన్నిటికంటే ప్రమాదం. ఇరుసుకి 2.5 మీటర్లు వెనక 20 కిలోల స్టెప్నీ తగిలిస్తే, కప్లర్ ఇరుసుకి 4 మీటర్లు ముందుంటే, ముక్కు బరువు 12.5 కిలోలు పడిపోతుంది. తోక ఊపడం, అంటే క్యారవాన్ అటూ ఇటూ ఊగడం, అక్కడే మొదలవుతుంది. బ్యాటరీ, నీళ్లు, పనిముట్లు ఇరుసు మీదుగా, నేల మట్టంలో ఉండాలి. పై అరల్లో దుప్పట్లు, బట్టలు చాలు.

టైర్లు. 1,200లో 75 కారు మోస్తే ఇరుసు మీద 1,125, ఒక్కో టైరుకి 562 కిలోలు. లోడ్ ఇండెక్స్ (టైరు మోసే బరువుని చెప్పే అంకె) 91 టైరు మోసేది 615, అంటే మిగులు 9 శాతమే. మన గుంతలకి అది చాలదు. కనీసం 95 (690 కిలోలు) వేయండి, అదే రిమ్ముకి వచ్చేట్టయితే చిన్న వ్యాన్లకి వేసే 'సి' రకం టైరు ఇంకా మేలు. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి: 2321 అంటే 2021లో 23వ వారం. క్యారవాన్ టైరు అరగక ముందే ముసలిదవుతుంది. నెలల తరబడి ఒకేచోట ఎండలో నిలబడి పక్కగోడలు బీటలు వారతాయి. ట్రెడ్డు కొత్తగా కనబడినా ఐదారేళ్లకి మార్చేయాలి.

ఉద్యాననగరి
టైర్లలో నైట్రోజన్ కొట్టిస్తే వేడి సమస్య ఉండదంటారు కదా?

పీన్యా_గ్రీజు
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ తక్కువ కాబట్టి ప్రెషరు కొంచెం నిలకడగా ఉంటుంది, అంతే. తక్కువ గాలితో ఎక్కువ బరువు మోసే టైరుని ఏ గ్యాసూ కాపాడదు. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు మీ సొంత గేజితో చూసుకోండి. దారిలో వేడెక్కి ప్రెషరు పెరిగిందని గాలి తీసేయడం పెద్ద పొరపాటు.

ఇప్పుడు హబ్బులు, బ్రేకులు. ఒక్కో చక్రం జాకీ ఎత్తి తిప్పండి. గరగరమంటే బేరింగు పోయినట్టు. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడిందంటే వదులు. పాత రకం టేపర్ బేరింగయితే విప్పి, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, లిథియం కాంప్లెక్స్ నంబర్ 2 గ్రీజు రోలర్ల మధ్యకి వెళ్లేట్టు అరచేత్తో నొక్కి ఎక్కించాలి. పాత గ్రీజు మీద వేరే రకం కలపొద్దు. చక్రం తిప్పుతూ నట్టు బిగువయ్యేదాకా తిప్పి, తర్వాత ఆరో వంతు నుంచి పావు చుట్టు వెనక్కి వదిలి కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. సీల్డ్ బేరింగు రకానికి ఇది పనికిరాదు. దాని హబ్ నట్టు ఒక్కసారి వాడేదే, విప్పితే కొత్తది వేసి కంపెనీ చెప్పిన టార్కుకి బిగించాల్సిందే. ఇంపాక్ట్ గన్నుతో బిగిస్తే బేరింగు అక్కడే చచ్చిపోతుంది.

ఓవర్‌రన్ బ్రేకు సంగతి. కారు బ్రేకు వేస్తే క్యారవాన్ ముందుకు తోసుకొస్తుంది, డ్రాబార్ (కప్లర్ వెనకున్న కడ్డీ) లోపలికి జరిగి రాడ్డునీ కేబుళ్లనీ లాగుతుంది, డ్రమ్ములో లైనర్లు పట్టుకుంటాయి. సర్దుబాటు ఎప్పుడూ డ్రమ్ము దగ్గర మొదలుపెట్టాలి: చక్రం ముందువైపు తిప్పుతూ లైనరు తగిలేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. కేబుళ్లు ఆ తర్వాతే. ముందే కేబులు బిగించేస్తే ఒక చక్రం పట్టి, రెండోది పట్టక, తడి రోడ్డు మీద క్యారవాన్ పక్కకి తిరుగుతుంది. డ్రాబార్ మీది రబ్బరు తొడుగు చిరిగితే వెంటనే మార్చండి. లోపలికి దుమ్ము పోతే డ్యాంపరు అరిగి, బ్రేకు వేసిన ప్రతిసారీ 'టక్' మని గుద్దు వస్తుంది.

బ్రేక్‌అవే కేబులు (క్యారవాన్ ఊడితే దాని హ్యాండ్ బ్రేకుని లాగేది) బాల్‌కి చుట్టకండి. కారు చాసిస్‌కి లేదా టోబార్ మీద దాని కోసం ఉన్న కన్నానికి తగిలించాలి. బాల్ ఊడితే కేబులు కూడా దాంతోనే ఊడిపోతుంది కదా, ఇక హ్యాండ్ బ్రేకుని లాగేదెవరు?

చక్రం ఎప్పుడు విప్పినా 50 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ టార్కు చూడాలి. ఆ అలవాటు లేకే దారిలో చక్రాలు ఊడతాయి.

ఘాట్_గేరు
కారు వైపు నేను చెబుతా. టార్క్ కన్వర్టర్ బాక్సు కావడం మంచిది. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే ఏటవాలులో క్యారవాన్‌తో మెల్లగా పాకేటప్పుడు వేడెక్కి చేతులెత్తేస్తుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ 'జీవితాంతం మార్చక్కర్లేదు' అని షోరూములో అన్నా, బరువు లాగే బండికి 60,000 కిలోమీటర్ల లోపే మార్చండి. వేడే దాని శత్రువు. ఓబీడీ రీడరు (కారు కంప్యూటరులోని అంకెలు చూపేది) పెట్టుకుని ఆయిల్ వేడి చూస్తూ ఉండండి. 110 డిగ్రీల దాకా పరవాలేదు. 120 వస్తే వెడల్పయిన చోట ఆపి, న్యూట్రల్‌లో ఇంజను నడవనిచ్చి చల్లబరచండి. ఎక్కేటప్పుడు 'డి'లో వదిలేస్తే గేరు ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది, కన్వర్టర్ లాకవదు, వేడంతా అక్కడే పుడుతుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో, మూడో గేరు పట్టి ఉంచండి.

కూలంట్ సగం నీళ్లు సగం గాఢ కూలంట్, డిస్టిల్డ్ వాటర్‌తోనే. బెంగళూరు బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కడుతుంది. రేడియేటర్ మూత రబ్బరు చూడండి, అది ప్రెషరు నిలపకపోతే కూలంట్ తక్కువ వేడికే మరుగుతుంది. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పురుగులు, దుమ్ము పేరుకుని ఉంటాయి. బయట నుంచి కనబడవు, లోపలి వైపు నుంచి తక్కువ ప్రెషరు నీళ్లతో కడిగించండి. ఎక్కుతుండగా ఉష్ణోగ్రత సూది లేస్తే ఏసీ ఆపి హీటర్ పూర్తిగా తిప్పండి. చెమట పడుతుంది, ఇంజను బతుకుతుంది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. దిగేటప్పుడు పెడల్ మెత్తగా నేలకి పోయిందంటే కారణం ఇదే.

దిగేటప్పుడు ఇంకొకటుంది, చాలామందికి తట్టదు. కారు గేరుతో వేగం పట్టుకుంటే క్యారవాన్ వెనక నుంచి తోస్తూనే ఉంటుంది, అంటే ఓవర్‌రన్ బ్రేకు దారి పొడవునా పట్టే ఉంటుంది. డ్రమ్ములు కాలిపోతాయి. 25, 30 వేగం దాటకుండా దిగండి. మధ్యమధ్యలో ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో హబ్బులు చూడండి. ఒకటి రెండోదానికంటే 25 డిగ్రీలు ఎక్కువుంటే ఆ పక్క బ్రేకు పట్టేసిందో బేరింగు బిగిసిందో. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, బీట వస్తుంది.

మారతహళ్లి_కొత్తబండి
తోక ఊపడం గురించి భయంగా ఉంది. మొదలైతే ఏం చేయాలి?

ఘాట్_గేరు
యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి, స్టీరింగు నిటారుగా పట్టుకోండి, వేగం దానంతటదే తగ్గనివ్వండి. ఊపుకి ఎదురు తిప్పడానికి చూడొద్దు. చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగానే తిరుగుతుంది, ఊపు ఇంకా పెరుగుతుంది. గట్టిగా బ్రేకు వేసినా, వేగం పెంచి సరిచేద్దామన్నా పని చెడుతుంది.

ఎన్‌హెచ్ 44 మీద బాగేపల్లి దాటాక మైదానంలో పక్కగాలి ఉంటుంది. బస్సు దాటేటప్పుడు ముందు బయటికి నెట్టి, తర్వాత లోపలికి లాగుతుంది. దాని ముందు భాగం మీ అద్దంలో కనబడగానే కొంచెం ఎడమకి జరిగి ఉండండి. వేగం 70 చాలు. 60 నుంచి 80కి పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు 1.8 రెట్లవుతుంది. ముక్కు బరువు సరిగా ఉండి, వేగం 70 లోపుంటే ఊపు రావడమే అరుదు.

ఎస్‌యూవీ టో బాల్ సాధారణంగా ఎత్తుగా ఉంటుంది, క్యారవాన్ ముక్కు పైకి లేచి తోక రోడ్డుకి రాసుకుంటుంది. డ్రాప్ ప్లేటు (బాల్‌ని కిందికి దించే ప్లేటు) వేయించి క్యారవాన్ సమంగా లేదా ముక్కు కాస్త కిందికి ఉండేట్టు చూసుకోండి.

పన్నెండు_వోల్టులు
కరెంటు వైపు. బీఎస్6 కార్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్. కారు బ్యాటరీ నిండగానే వోల్టేజి తగ్గించేస్తుంది. పాతకాలపు రిలే పెట్టి క్యారవాన్ బ్యాటరీకి కలిపితే రోజంతా నడిపినా అది నిండదు. 30 యాంపుల డీసీ-డీసీ చార్జరు (తగ్గిన వోల్టేజిని పెంచి బ్యాటరీ నింపేది) క్యారవాన్‌లో, బ్యాటరీ పక్కనే పెట్టించండి. అది కారు వైపు నుంచి 36 యాంపుల దాకా లాగుతుంది. కేబులు ఒకవైపు 7 మీటర్లు, రానూపోనూ 14. పది చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే 0.88 వోల్టు దారిలోనే పోతుంది, పదహారుదైతే 0.55. పదహారే వేయండి. ఫ్యూజు రెండు బ్యాటరీల దగ్గరా ఉండాలి. ఒకవైపే వేస్తే రెండో బ్యాటరీ నుంచి కేబులు తగలబడొచ్చు. రాగి కేబులు, లగ్గులు, మిడి ఫ్యూజులు జేసీ రోడ్డు, ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి. లగ్గు హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించుకోండి, సుత్తితో కొట్టింది వదులై వేడెక్కుతుంది.

లైట్ల వైర్లు నేరుగా కారు టెయిల్‌లైట్‌కి కలపకండి. కొత్త కార్ల కంట్రోలర్ ఎక్కువ లోడు చూసి తప్పు చూపిస్తుంది, ఒక్కోసారి కాలిపోతుంది. బైపాస్ రిలే మాడ్యూల్ (క్యారవాన్ లైట్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఇచ్చేది) వేయాలి.

రోజు ఖర్చు లెక్క: 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 500 వాట్ అవర్లు, రెండు ఫ్యాన్లు రాత్రంతా 500, లైట్లు ఫోన్లు పంపు 200, ఇండక్షన్ 1,200 వాట్ల మీద 40 నిమిషాలు 800. మొత్తం 2,000. బ్యాటరీ 12.8 వోల్టులు 200 ఏహెచ్ అంటే 2,560. సోలారు 400 వాట్ల నుంచి మంచి ఎండలో రోజుకి 1,350 దాకా ఆశించొచ్చు. మిగతా 650ని కారు రెండు గంటల ప్రయాణంలో నింపుతుంది. అదే చోట కదలకుండా కూర్చుంటే మూడో రోజు సాయంత్రానికి ఇండక్షన్ మానుకోవాల్సి వస్తుంది.

ఏసీని బ్యాటరీ మీద నడుపుదామనుకుంటే అర టన్నుదైనా ఎనిమిది గంటలకి 2,000 దగ్గర తాగుతుంది. ఒక్క రాత్రికే బ్యాటరీ అడుగంటుతుంది. కడప జిల్లా మేలో క్యారవాన్‌కి చోటు కాదు.

బస చోట ప్లగ్గు తీసుకునేటప్పుడు: ముందు సాకెట్ టెస్టరుతో ఫేజు, న్యూట్రల్, ఎర్తు చూడండి. ఎర్తు లేకపోతే తీసుకోవద్దు. క్యారవాన్ లోపల 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), 16 యాంపుల ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపేది) తప్పనిసరి. హోటల్ వరండాలోని చిన్న సాకెట్ 6 యాంపులదే. రెండు కిలోవాట్ల గీజరు 9 యాంపులు లాగుతుంది, సాకెట్ కరిగిపోతుంది. మూడు కోర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులు 25 మీటర్లు తీసుకెళ్లండి, రీలు పూర్తిగా విప్పి నేల మీద పరిచాకే వాడండి. చుట్టలో ఉంచి ఎక్కువ లోడు లాగితే లోపలి చుట్లు వేడికి అతుక్కుపోతాయి.

వంటింటి_వసంతం
ఇండక్షన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మబ్బు పడితే అన్నం ఉడకదు. గ్యాసు కావాలి, కానీ ఇంటి 14.2 కిలోల సిలిండరు మాత్రం ఎక్కించొద్దు. అది ఇంటి వాడకానికే ఇచ్చేది, బండిలో దాన్ని కట్టడం కూడా కష్టం. పెట్రోలు బంకుల్లో, ఏజెన్సీల్లో అమ్మే 5 కిలోల సిలిండరు తీసుకోండి. నలుగురికి కాఫీ, ఉప్మా, రాత్రి చారన్నం లాంటి వంటకి ఒక పర్యటనంతా వస్తుంది.

గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీద పారుతుంది. కాబట్టి సిలిండరు పెట్టె గది లోపలికి తెరుచుకోకూడదు, బయటికే తలుపుండాలి, పెట్టె అడుగున బయటి గాలికి కన్నం ఉండాలి. ఆ కన్నం మీద చాపో సంచో పడేయొద్దు. సిలిండరు నిటారుగా, పట్టీతో బిగించి ఉండాలి. సురక్షా ట్యూబు మీద తేదీ చూసి ఐదేళ్లకి మార్చండి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆఫ్. రాత్రి చలేస్తోందని స్టవ్వు వెలిగించి కిటికీలు మూసుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కార్బన్ మోనాక్సైడ్ వాసన రాదు. అలారం కొని పడక ఎత్తులో పెట్టండి.

నీళ్లు: కొత్త ట్యాంకు లేదా నెలలు వాడని ట్యాంకయితే 100 లీటర్లకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు కలిపి, ప్రతి కుళాయిలో వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలుంచి పారబోసి రెండుసార్లు కడగండి. తర్వాత ఊరి ట్యాంకరు నీళ్లు పట్టినప్పుడు 100 లీటర్లకి 8 మిల్లీలీటర్లు చాలు. తాగడానికి వేరే క్యాను ఉంచుకోండి.

క్యాసెట్ టాయిలెట్ (మలం పడే డబ్బాని బయటికి తీసి వంచే రకం) ద్రవం కొనేటప్పుడు ఫార్మాల్డిహైడ్ లేని రకం అడగండి. పల్లెల్లో, చిన్న హోటళ్లలో అన్నీ సెప్టిక్ ట్యాంకులే, ఫార్మాల్డిహైడ్ అందులోని సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది, ట్యాంకు నిండి పొంగుతుంది. క్యాసెట్‌ని అడిగి మరుగుదొడ్డిలోనే వంచాలి. చెరువు గట్టున, వాగులో వంచేవాళ్ల వల్ల రేపు ఏ ఊరివాళ్లూ మనల్ని ఆగనివ్వరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వదిలెళ్లిన చోటు శుభ్రంగా ఉంటేనే ఆ మంచితనం నిలుస్తుంది.

నల్లరేగడి
లేపాక్షి, గండికోట నేను చెబుతా.

దారి: ఎన్‌హెచ్ 44 మీద కొడికొండ చెక్‌పోస్టు, అక్కడి నుంచి పక్కకి తిరిగితే లేపాక్షి. మళ్లీ కొడికొండకి వచ్చి గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, గండికోట. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడాలనిపిస్తుంది, చూడండి, కానీ క్యారవాన్‌ని ఊడల కిందికి తీసుకెళ్లకండి. రూఫ్ ఏసీ, సోలారు గీసుకుంటాయి.

చోటు ఎంచుకునేటప్పుడు అందరూ ఎదురుగా కనిపించే దృశ్యం చూస్తారు. ముందు చూడాల్సింది అక్కడికి చేరే దారి, తిప్పుకునే జాగా, కింద నేల. కారూ క్యారవానూ కలిపి 11 మీటర్లు దాటుతుంది. పల్లె సందులో ఎదురుగా ట్రాక్టరు వస్తే వెనక్కి తీయాల్సింది మీరే. శాటిలైట్ మ్యాపులో ఆఖరి రెండు కిలోమీటర్లు పెద్దది చేసి చూడండి, అనుమానముంటే క్యారవాన్‌ని రోడ్డు పక్క విడిచి కారులో ముందెళ్లి చూసి రండి. ఊళ్లలో రోడ్డుకి అడ్డంగా వేలాడే కేబుల్ టీవీ తీగలు మూడు మీటర్ల ఎత్తులో కూడా ఉంటాయి. మీ క్యారవాన్ ఏసీతో కలిపి ఎంత ఎత్తో కొలిచి స్టీరింగు దగ్గర రాసి అతికించుకోండి.

నేల విషయంలో జమ్మలమడుగు, తాడిపత్రి వైపు నల్లరేగడి జాగ్రత్త. ఎండినప్పుడు సిమెంటులా ఉంటుంది. ఒక్క వాన పడితే చక్రానికి మట్టి అట్టలు కట్టి ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కదలదు. చీకటి పడ్డాక వచ్చి పొలం పక్కన ఆపి, తెల్లారేసరికి వాన పడితే రెండు మూడు రోజులు అక్కడే. రాతినేలో గ్రావెలో చూసుకోండి. చెరువు గర్భం ఎండి చదునుగా ఉందని దిగొద్దు. కొబ్బరిచెట్టు కింద ఎప్పుడూ ఆపొద్దు.

గండికోటలో పెన్నా లోయ అంచుకి దూరంగా ఉండండి. అంచు దగ్గర గాలి ఉన్నట్టుండి లేస్తుంది, పందిరి గుడ్డ చిరిగి గొట్టాలు విరుగుతాయి. పందిరి రాత్రి పూట మడిచేయాలి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి నిలపాలి. లేపాక్షి, గండికోట, హార్స్‌లీ హిల్స్ మూడు చోట్లా పర్యాటక శాఖ హరిత హోటళ్లున్నాయి. ముందుగా ఫోను చేసి ఆవరణలో నిలుపుకోవచ్చా, ప్లగ్గూ నీళ్లూ ఇస్తారా, ఎంత అని అడగండి. గది ఒకటి తీసుకుని ఆవరణలో నిలపడం చాలాచోట్ల సులువుగా ఒప్పుకుంటారు. గ్యాసు, నీళ్లు, కూరగాయలు జమ్మలమడుగులోనే నింపుకోండి. హార్స్‌లీ హిల్స్‌లో కోతులుంటాయి, రూఫ్ వెంటు తెరిచి బయటికి వెళ్లకండి.

ఘాట్_గేరు
హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, కింద మదనపల్లె కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లన. కానీ ఆ మెలికల్లోకి కొత్తలో క్యారవాన్ తీసుకెళ్లొద్దు. మలుపులో క్యారవాన్ చక్రాలు కారు చక్రాల దారిలో రావు, లోపలికి కోస్తూ వస్తాయి. హెయిర్‌పిన్ దగ్గర కారుని వీలైనంత బయటికి తీసుకెళ్లి ఆలస్యంగా తిప్పాలి. వెనక్కి తీయడం ముందు ఖాళీ మైదానంలో సాధన చేయండి. స్టీరింగు కింది భాగం పట్టుకోండి, చెయ్యి ఎటు జరిపితే క్యారవాన్ తోక అటు పోతుంది.

ఊటీకి మూడు విషయాలు. 2024 మే 7 నుంచి ఈ-పాస్ కావాలి, బయల్దేరకముందే తీసుకోండి. గుండ్లుపేట నుంచి బందీపూర్, ముదుమలై అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మధ్యాహ్నం మూడింటికల్లా గుండ్లుపేట దాటేట్టు లెక్కేసుకోండి, అడవిలో ఎక్కడా ఆపొద్దు. మసినగుడి నుంచి కల్లట్టి దారిలో 36 హెయిర్‌పిన్లు, క్యారవాన్‌తో ఆ వైపు చూడనే వద్దు. గూడలూరు మీదుగా వెళ్లండి.

ఉద్యాననగరి
మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రెయిలర్లు రానివ్వరంటున్నారు?

కాటా_చీటీ
2023 ఆగస్టు 1 నుంచి ఆపినవి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు, క్వాడ్రిసైకిళ్లు, మోటారు లేని బళ్లు, బహుళ ఇరుసుల హైడ్రాలిక్ ట్రెయిలర్లు. కారు లాగే ఒక ఇరుసు క్యారవాన్ ఆ జాబితాలో లేదు. అయినా గేటు దగ్గర అడిగితే చూపించడానికి ట్రెయిలర్ ఆర్‌సీ చేతికందేట్టు పెట్టుకోండి.

పన్నెండు_వోల్టులు
ఊటీ గురించి ఇంకొకటి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున అక్కడ మంచు గడ్డకడుతుంది. లిథియం బ్యాటరీ సెల్లు సున్నా కంటే చల్లబడ్డప్పుడు చార్జి చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతుంది. బ్యాటరీ బయటి పెట్టెలో ఉంటే గది లోపలికి మార్చండి, బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే సర్క్యూటులో) తక్కువ ఉష్ణోగ్రత కట్‌ఆఫ్ ఉందో లేదో అడిగి కొనండి.

మారతహళ్లి_కొత్తబండి
అందరికీ వేలవేల ధన్యవాదాలు. ఊటీకి క్యారవాన్ లేకుండా కారులోనే వెళ్తాం, మొదటిసారికి లేపాక్షి, గండికోట చాలు. ఆఖరి ప్రశ్న. మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ఎత్తు 2.2 మీటర్లే. వాడని నెలల్లో క్యారవాన్ ఎక్కడ, ఎలా ఉంచాలి?

పీన్యా_గ్రీజు
హోస్కోటె, ఆనేకల్, దేవనహళ్లి వైపు ప్రహరీ ఉన్న ఖాళీ స్థలాలు నెలవారీ అద్దెకి దొరుకుతాయి. మట్టి మీద కాకుండా సిమెంటు లేదా గ్రావెల్ చూసుకోండి.

నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి వదలొద్దు. వానాకాలంలో లైనర్లు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంటాయి. చక్రాలకి దిమ్మలు పెట్టి బ్రేకు వదిలేయండి. ఇరుసు కింద స్టాండ్లు పెట్టి టైర్ల మీద బరువు తీయండి, టైర్లకి ఎండ తగలకుండా కప్పండి. ముక్కు కాస్త పైకి ఉంచితే రూఫ్ మీద నీళ్లు నిలవవు. ట్యాంకు, పైపులు ఖాళీ చేసి కుళాయిలు తెరిచి ఉంచండి. ఫ్రిజ్ తలుపు సందుగా వదలండి, లేకపోతే బూజు పడుతుంది. లిథియం బ్యాటరీ 50, 60 శాతం దగ్గర మెయిన్ స్విచ్ ఆపేయండి. గ్యాసు సిలిండరు బయటికి తీసేయాలి. గుడ్డ కవరు గాలాడే రకం కావాలి, ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమట పట్టి ప్లైవుడ్ ఉబ్బుతుంది.

రూఫ్ అతుకుల మీద సీలెంట్ వానాకాలం ముందు వేలితో నొక్కి చూడండి. ఎండి పగిలిన చోట గీకేసి పాలీయురేథేన్ సీలెంట్ వేయాలి, పాతదాని మీద సిలికాన్ పూస్తే పట్టదు. లోపల మూలల్లో గోడ మెత్తగా తగిలితే నీళ్లు చేరినట్టే.

వంటింటి_వసంతం
ఎలుకల మాట మర్చిపోయారు. వైర్లు, పైపులు నేలలోంచి వచ్చే ప్రతి కన్నాన్నీ స్టీలు పీచుతో కుక్కి పైన సీలెంట్ వేయండి, ఒట్టి నురుగు కొడితే కొరికేస్తాయి. బియ్యం, పప్పు, బిస్కెట్లు ఒక్క గింజ లేకుండా తీసేయండి. పదిహేను రోజులకోసారి వెళ్లి తలుపులు తెరిచి, గాలాడనిచ్చి, టైర్ల గాలి చూసి రండి.